ఇంట్లో పేరుకున్న విషపు చెత్త: బెంగళూరులో ఏది ఎవరి చేతికి ఇవ్వాలి?

వాషింగ్ మెషిన్ వెనకో, అటక మీదో ఒక సంచి ఉంటుంది. రిమోట్‌లోంచి తీసిన సెల్స్, ఉబ్బిపోయిన ఫోన్ బ్యాటరీ, మాడిన ట్యూబ్‌లైట్, గడువు దాటిన సిరప్పులు, ఉగాదికి రంగులు వేయించగా మిగిలిన పెయింటు, సగం వాడిన బొద్దింకల స్ప్రే. తడి చెత్తలో వేయకూడదని అందరికీ తెలుసు. పొడి చెత్తలో కలిపితే ఆటో అబ్బాయి సంచి విప్పి చూసి వెనక్కి ఇచ్చేస్తాడు. దాంతో ఆ సంచి అక్కడే ఉండిపోతుంది. ఇల్లు మారే రోజు రాత్రి ఎవరూ చూడకుండా వీధి మూలకు చేరుతుంది.

బెంగళూరులో దారులు లేక కాదు. చెత్త ఆటో ఉంది, వార్డులో డ్రై వేస్ట్ సెంటర్ ఉంది, వస్తువు కొన్న షాపు ఉంది, రిజిస్టర్డ్ రీసైక్లర్లు ఉన్నారు, అపార్ట్‌మెంట్లలో కలెక్షన్ డ్రైవ్‌లు జరుగుతాయి, వీధి చివర పాత సామాను కొనే గుజిరీ అంగడి ఎలాగూ ఉంది. అన్నీ ఒకేచోట ఇచ్చేద్దాం అనుకోవడం వల్లే చాలామంది ఎక్కడా ఇవ్వకుండా మిగిలిపోతున్నారు. నా సలహా వేరు. ముందు ఆ సంచిని రెండు కుప్పలు చేయండి. వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత ఏదో ఒక కంపెనీ మీద ఉన్న వస్తువులు ఒకవైపు, అలా అడిగే దిక్కులేనివి ఇంకోవైపు. మొదటి కుప్పకు దారులు బోలెడు. తలనొప్పంతా రెండో కుప్పతోనే.

## ఆ రెండు కుప్పలు ఎక్కడి నుంచి వచ్చాయి

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంట్లో పుట్టే ప్రమాదకర చెత్తకు ఒక జాబితా ఇచ్చాయి. పెయింటు డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు, సీఎఫ్ఎల్ బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన పాదరసం థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, సూదులు, సిరంజిలు అందులో ఉన్నాయి. వీటిని విడిగా ఉంచడం ఇంటివాళ్ల పని. తీసుకోవడానికి ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టి, దాని వేళలు ప్రకటించి, అక్కడి నుంచి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికి చేర్చడం నగరపాలిక పని అని అవి చెప్పాయి. బెంగళూరు విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఆ లెక్కన కనీసం 35 కేంద్రాలుండాల్సింది. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న కేంద్రం పేరు చెప్పమంటే మీరు చెప్పలేరు, మీ పక్కింటివాళ్లూ చెప్పలేరు. నిబంధనకూ వీధికీ మధ్య దూరం అంత ఉంది.

2022లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది ప్రకటించిన కొత్త ఇ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ రెండిట్లోనూ భారం నగరపాలిక మీద కాదు, తయారీదారు మీద ఉంది. ఫోన్, టీవీ, ఫ్రిజ్ అమ్మిన కంపెనీ, బ్యాటరీ అమ్మిన కంపెనీ తాము అమ్మిన దాంట్లో ఇంత భాగం రీసైకిల్ అయిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో లెక్క చూపాలి. ఇ-వేస్ట్ జాబితా 21 రకాల నుంచి 106కు పెరిగింది. పాదరసం ఉన్న బల్బులు, ట్యూబ్‌లైట్లు కూడా అందులోనే ఉన్నాయి. అంటే సెల్స్, ఫోన్లు, ట్యూబ్‌లైట్లు మొదటి కుప్పలో పడతాయి. పెయింటు, మందులు, సూదులు, పురుగుమందులు, గాజు థర్మామీటర్లు మాత్రం ఇప్పటికీ నగరపాలిక తలమీదే ఉన్నాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను నాలుగుగా విడగొట్టమంటున్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనది. బల్బులు, పెయింటు డబ్బాలు, మందులు ఈ నాలుగో రకం. బెంగళూరువాళ్లకు మాత్రం 2015 డిసెంబరులో హైకోర్టు ఆదేశంతో తప్పనిసరైన 'రెండు బుట్టలు, ఒక సంచి' పద్ధతి బాగా అలవాటు. ఆకుపచ్చ బుట్ట తడికి, సంచి పొడికి, ఎర్ర బుట్ట డైపర్లు, ప్యాడ్లు, కట్లు లాంటి వాటికి. ఆ పద్ధతిలో బ్యాటరీకో సూదికో వేరే చోటు లేదు. ఏ బుట్టలోనూ పట్టనివన్నీ ఎర్ర బుట్టలోకే వెళ్లాయి. ఈ అలవాటు ఒక్కరోజులో పోదు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

దూరమెంత, డబ్బులిస్తారా అన్నదే చాలామంది ముందు చూస్తారు. నేను వాటిని చివర్న పెడతాను.

మొదట చూడాల్సింది మన తర్వాత దాన్ని ముట్టుకునేది ఎవరు అన్నది. చెత్త ఆటోలో నిలబడి సంచులు విప్పే మనిషికి చేతి తొడుగులు చాలాసార్లు ఉండవు, ఉన్నా సూది ముందు నిలవవు. రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ ఒక్కటే కాదు, దానికంటే తేలిగ్గా హెపటైటిస్ బి అంటుకుంటుంది. ట్యూబ్‌లైట్ పగిలితే పాదరసం ఆవిరి పీల్చేది కూడా ఆ మనిషే. కాబట్టి ఒక దారి మంచిదా కాదా అన్నది మన ఇంటి గుమ్మం దగ్గర తేలదు, మూడో చేతి దగ్గర తేలుతుంది.

రెండోది, చివరికి ఎక్కడికి చేరుతుంది? "కంపెనీకి పోతుంది సార్" అనేది జవాబు కాదు. ఏ రీసైక్లర్, ఏ ఊళ్లో, కాలుష్య నియంత్రణ మండలిలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. సరిగ్గా నడిపేవాళ్లు ఈ ప్రశ్నకు విసుక్కోరు, కాగితం చూపిస్తారు.

మూడోది కాస్త సున్నితం. వాళ్లు ఆ వస్తువును నిజంగా తీసుకుంటున్నారా, కాదనలేక తీసుకుని వెనక్కి వెళ్లాక కలిపేస్తున్నారా? అమ్మితే డబ్బు వచ్చేదాన్ని ఎవరూ పారేయరు. డబ్బు రాని ట్యూబ్‌లైట్, మందులు, రిమోట్ సెల్స్ విషయంలోనే ఈ అనుమానం. ఆ తర్వాతే శ్రమ, దూరం, మీ వేళలు. ఫోన్, ల్యాప్‌టాప్ అయితే అందులోని ఫోటోలు, బ్యాంకు వివరాల సంగతి కూడా చూడాలి.

## దారులు ఒక్కొక్కటీ

చెత్త ఆటో. అన్నిటికంటే సులువు, గుమ్మం దాటక్కర్లేదు. పాత నగరపాలిక బీబీఎంపీ పోయి 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లతో గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చినా, చెత్త సేకరణ బెంగళూరు ఘన వ్యర్థాల నిర్వహణ సంస్థ చేతిలోనే ఉంది. ఆటో నుంచి చెత్త కాంపాక్టర్ లారీలోకి మారుతుంది. అక్కడ నొక్కుడుకు లిథియం బ్యాటరీ చితికితే నిప్పు పుడుతుంది. ట్యూబ్‌లైట్ సంగతి చెప్పక్కర్లేదు. అయినా రెండో కుప్పలో చాలా వాటికి చివరికి ఇదే దారి. ఇవ్వకతప్పనప్పుడు ఎలా ఇస్తున్నామన్నదే తేడా. విడిగా మూటగట్టి, పైన పెన్నుతో 'సూదులు' అనో 'పగిలిన గాజు' అనో పెద్దగా రాసి, చేతికిస్తూ నోటితో కూడా చెప్పాలి. కన్నడం రాకపోయినా "సూజి ఇదె, హుషారు" అన్న రెండు ముక్కలు చాలు.

వార్డు డ్రై వేస్ట్ సెంటర్. నగరంలో చాలా వార్డుల్లో ఉన్నాయి. కొన్నిటిని ఒకప్పుడు చెత్త ఏరుకుని బతికినవాళ్లే హసిరు దళ లాంటి సంస్థల తోడ్పాటుతో నడుపుతున్నారు. ఇక్కడి మనుషులకు వస్తువు విలువ తెలుసు, ప్రమాదమూ తెలుసు. ఛార్జర్లు, వైర్లు, మిక్సీ, పాత కీబోర్డు లాంటివి చాలాచోట్ల తీసుకుంటారు. కానీ ఒక సంగతి మర్చిపోకూడదు. ఆ సెంటర్ నడిచేది అట్ట, ప్లాస్టిక్, ఇనుము అమ్మిన డబ్బుతో. ట్యూబ్‌లైట్‌కు ఎవరూ పైసా ఇవ్వరు, పైగా దాన్ని పగలకుండా దాచడానికి చోటు కావాలి. ఇలాంటివి తీసుకెళ్లే ముందు ఒకసారి అడగండి. కాదంటే వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఖర్చు నగరపాలికది కావాలి, బరువు వాళ్ల మీద పడుతోంది.

కంపెనీ, షాపు, రిజిస్టర్డ్ రీసైక్లర్. మొదటి కుప్పకు నా మొదటి ఓటు దీనికే. బ్రాండ్ వెబ్‌సైట్‌లో ఇ-వేస్ట్ లేదా రీసైక్లింగ్ అన్న పేజీ ఉంటుంది. అందులో టోల్ ఫ్రీ నంబరో, పికప్ ఫారమో దొరుకుతుంది. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్ లాంటి పెద్దవాటికి ఇంటికే వస్తారు. చిన్నవాటికి మాత్రం ఇంత బరువుంటేనే వస్తామంటారు. ఒక ఛార్జర్ కోసం ఎవరూ వ్యాన్ పంపరు. మారతహళ్లిలోని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో నాకు ఎదురైంది ఇంకో రకం: ముందు భాగంలో ఇ-వేస్ట్ డబ్బా ఉంది, అందులో చాక్లెట్ కాగితాలు, బిల్లులు ఉన్నాయి. దీన్ని ఎవరు, ఎప్పుడు తీసుకెళ్తారని అడిగితే కౌంటర్లో ఒక్కరికీ తెలియలేదు. డబ్బా కనపడింది కదా అని వేసేయకండి. అలాగని షాపు అబ్బాయితో గొడవా వద్దు. 2022 నిబంధనల్లో లెక్క చెప్పాల్సింది కంపెనీ. మీ ఫోన్ కాల్ అక్కడికే వెళ్లాలి.

రీసైక్లర్ల విషయంలో బెంగళూరువాళ్లకు కాస్త అదృష్టం ఉంది. దేశంలో అధికారిక ఇ-వేస్ట్ రీసైక్లింగ్ మొదలైన తొలి చోట్లలో బెంగళూరు దగ్గరి డాబస్‌పేట ఒకటి. ఇప్పుడు నగరం చుట్టూ చాలామంది ఉన్నారు. పికప్ అబ్బాయి చెప్పే కంపెనీ పేరు కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో ఉందో లేదో చూసుకోవడం పెద్ద పనేం కాదు.

గుజిరీ. ఇక్కడ నిజం మాట్లాడుకుందాం. పాత ఇనుప సామాను కొనేవాళ్లు లేకపోతే ఈ నగరం చెత్తలో మునిగిపోయి ఉండేది. పేపర్లు, సీసాలు, ఇనుము, ఖాళీ డబ్బాలు వాళ్లకివ్వడంలో తప్పేమీ లేదు. రీసైక్లింగ్ అనే మాట మనకు రాకముందు నుంచీ చేస్తున్నది వాళ్లే. పేచీ అంతా విషం ఉన్న వస్తువులతో. రాగి కోసం వైర్లు కాలుస్తారు. సర్క్యూట్ బోర్డుల్లోంచి లోహం తీయడానికి యాసిడ్ వాడతారు. గౌరిపాళ్య లాంటి ఇరుకు వీధుల్లో ఈ పని ఇళ్ల మధ్యే జరుగుతూ వచ్చింది. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే ఇంకా ఘోరం. పగలగొట్టి, యాసిడ్ మోరీలో పోసి, సీసం కరిగిస్తారు. ఆ సీసపు పొగ ముందు తాకేది పక్కన ఆడుకునే పిల్లల్ని. ఎక్కువ డబ్బిచ్చేది గుజిరీయే అన్నది వాస్తవం. ఆ ఎక్కువ ఎలా వస్తుందంటే, పొగకూ యాసిడ్‌కూ పెట్టాల్సిన ఖర్చు ఎవరూ పెట్టకపోవడం వల్ల.

ఇన్వర్టర్ బ్యాటరీకి ఇంకో దారి ఎప్పుడూ ఉంటుంది. కొత్తది కొనేచోట పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. గుజిరీ ఇంకో రెండు మూడు వందలు ఎక్కువిస్తానన్నా ఎక్స్‌చేంజే చేయండి, బిల్లులో పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకోండి.

అపార్ట్‌మెంట్ డ్రైవ్. వంద ఫ్లాట్లున్న చోట మూడు నెలలకోసారి ఒక ఆదివారం టేబుల్ వేసి ఇ-వేస్ట్, బ్యాటరీలు తీసుకోవడం ఇప్పుడు వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్ వైపు మామూలైంది. సాహస్ లాంటి సంస్థలు కొన్నేళ్లుగా చెత్త వేరుచేయడం మీద ఇక్కడ పని చేస్తున్నాయి, సెక్రటరీకి ఎవరిని పిలవాలో తెలుస్తుంది. ఇంటికొక కిలో పోగైతే చాలు, వ్యాన్ రావడానికి సరిపడా బరువు అవుతుంది. ఒకరి వల్ల కాని పికప్ వందమందికి తేలికవుతుంది. లోపం ఒకటే: డ్రైవ్‌లు ఎక్కువగా ఇ-వేస్ట్ దగ్గరే ఆగిపోతాయి. పెయింటు, మందులు, సూదులు వద్దంటారు. పిలిచే ముందే "ట్యూబ్‌లైట్లు తీసుకుంటారా? పెయింటు?" అని అడిగి ఒప్పించండి. కొందరు డబ్బు అడుగుతారు, ఇవ్వండి. అమ్మితే ఏమీ రాని వస్తువును శుద్ధి కేంద్రందాకా చేర్చడానికి ఖర్చవుతుంది కదా. అసోసియేషన్ వాళ్లకు ఈ ఒక్క ముక్క ఒప్పించడమే కష్టం. "చెత్తకు ఎదురు డబ్బులా?" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు లేస్తారు.

## దిక్కులేని కుప్ప

మందులు. తెరవని స్ట్రిప్పు గడువు చాలా ఉంటే కొన్న షాపువాడు బిల్లు చూసి తీసుకోవచ్చు. గడువు దాటినవి తీసుకోవాలనే నియమం మన ఇళ్లదాకా రాలేదు. కేరళ ఇంటింటి నుంచి వాడని మందులు వెనక్కి తీసుకునే పథకం మొదలుపెట్టింది, కర్ణాటకలో మనకు అలాంటి దారి చేతికి అందేలా లేదు. సింకులో, టాయిలెట్‌లో పోసేయడం అందరికీ తోచే ఉపాయం. కానీ మామూలు మందులకు అది తప్పు. నగరంలో చాలాచోట్ల డ్రైనేజీ నీరు చివరికి బెళ్లందూరు, వర్తూరు చెరువుల్లోకే పోతుంది. యాంటీబయాటిక్ అలా నీళ్లలోకి పోతూ ఉంటే ఆ మందుకు లొంగని క్రిములు పుడతాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో టాయిలెట్‌లో ఫ్లష్ చేయొచ్చన్నవి 17 మందులే. ఫెంటానిల్, ట్రమడాల్, డయాజెపామ్ లాంటివి, పొరపాటున పిల్లలో మరొకరో మింగితే ప్రాణం మీదికి వచ్చేవి. అవి ఇంట్లో ఉండకూడదు కాబట్టి ఆ మినహాయింపు.

మిగతావాటికి నేను చెప్పేది ఇది. మీ డాక్టరు వెళ్లే ఆస్పత్రినో, ఇంటి పక్క క్లినిక్‌నో ముందు అడగండి. వాళ్ల వైద్య వ్యర్థాలు తీసుకెళ్లే బండి వస్తుంది, గడువు తీరిన మందులు వాళ్ల పసుపు సంచిలోనే పోతాయి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మాత్రలు స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన కాఫీ పొడిలోనో మట్టిలోనో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, చెత్త ఆటోకు విడిగా ఇవ్వాలి. మట్టిలో కలిపితే ఎవరూ ఏరి మళ్లీ అమ్మలేరు. స్ట్రిప్పు మీద పేరు, గడువు తేదీ ఉన్న భాగం చించేయండి. ఇది మంచి దారి అని చెప్పను, ఉన్నవాటిలో తక్కువ చెడ్డది.

సూదులు. ఇన్సులిన్ వాడేవాళ్లున్న ఇంట్లో నెలకు ఎన్ని పోగవుతాయో లెక్కేసుకోండి. పెరుగు కప్పులోనో ప్లాస్టిక్ కవర్లోనో వేయకండి, గుచ్చుకుని బయటికొస్తాయి. ఫ్లోర్ క్లీనర్ లాంటి మందపాటి ప్లాస్టిక్ సీసా మంచిది. సూదికి టోపీ తిరిగి పెట్టే ప్రయత్నం వద్దు, చాలా గుచ్చుకోవడాలు అప్పుడే జరుగుతాయి. ముప్పాతిక నిండగానే మూత బిగించి టేపు వేసి, క్లినిక్‌కో డయాగ్నస్టిక్ సెంటర్‌కో ఇవ్వాలి. నెలనెలా రక్తపరీక్షకు వెళ్లేచోట అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ, వాళ్లకు మీరు తెలిసినవాళ్లు.

పాదరసం. గాజు థర్మామీటర్‌లో సుమారు అర గ్రాము ఉంటుంది. సీఎఫ్ఎల్‌లో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే. అంటే ఒక థర్మామీటర్ పగిలితే వంద బల్బులు పగిలినంత. తాతయ్య కాలం నాటి పాదరసం బీపీ మిషన్ ఉంటే దానిలో పదుల గ్రాములుంటుంది, దాన్ని గుజిరీకి ఇచ్చే ఆలోచన అసలొద్దు. పగిలితే పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు తీయండి. ఉంగరాలు, గాజులు తీసేయండి, పాదరసం బంగారాన్ని అంటుకుంటే వదలదు. చీపురు, వాక్యూమ్ వద్దు. గట్టి అట్టముక్కలతో పూసల్ని దగ్గరికి తోసి, మూత ఉన్న గాజు సీసాలోకి ఎత్తండి. మిగిలిన చిన్న పూసలు టేపుకు అంటుకుంటాయి. ఆ సీసా ఆస్పత్రికో ట్యూబ్‌లైట్లు తీసుకునే రీసైక్లర్‌కో వెళ్లాలి.

పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు 2027 చివరికల్లా ఫ్లోరోసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలని 2023లో తీర్మానించాయి. కాబట్టి ఈ పేచీ తగ్గుతూ వస్తుంది, కానీ ఇప్పటికే అటకలెక్కినవి అక్కడే ఉన్నాయి.

పెయింటు, థిన్నర్, పురుగుమందులు. మిగిలిన పెయింటు కావాలనేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు: మీ పెయింటర్, వాచ్‌మన్ గది, పక్క వీధి అంగన్‌వాడీ గోడ. నీళ్ల పెయింటు కొంచెమే ఉంటే దాంట్లో ఇసుక కానీ పేపరు ముక్కలు కానీ వేసి ఆరనిస్తే, గట్టిపడ్డాక మామూలు చెత్తలో పోతుంది, డబ్బా గుజిరీకి పోతుంది. ఎనామిల్, థిన్నర్ అలా కాదు. మోరీలో పోయకూడదు. బెళ్లందూరు చెరువు 2015, 2017, 2018లో మండిన సంగతి గుర్తుండే ఉంటుంది. వీటిని మూత బిగించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే డ్రైవ్ కోసం దాచాలి. స్ప్రే డబ్బాల్ని పొడవకండి, కాల్చకండి.

## ఒకచోట చూసుకోవడానికి

| వస్తువు | మొదట ఇక్కడ | కుదరకపోతే | ఎప్పుడూ వద్దు |
|---|---|---|---|
| ఫోన్, ల్యాప్‌టాప్, ఛార్జర్లు | కంపెనీ పికప్ లేదా రిజిస్టర్డ్ రీసైక్లర్ | డ్రై వేస్ట్ సెంటర్, అపార్ట్‌మెంట్ డ్రైవ్ | గుజిరీ |
| రిమోట్ సెల్స్, లిథియం బ్యాటరీ | బ్యాటరీలు తీసుకునే డ్రైవ్ | కొన్న షాపు, అడిగి చూసి | ఏ బుట్టలోనైనా వదులుగా వేయడం |
| ఇన్వర్టర్ బ్యాటరీ | కొత్తది కొనేచోట ఎక్స్‌చేంజ్ | రిజిస్టర్డ్ రీసైక్లర్ | గుజిరీ |
| ట్యూబ్‌లైట్, సీఎఫ్ఎల్ | రీసైక్లర్, డ్రైవ్ | పాత అట్టపెట్టెలో పెట్టి, పేరు రాసి ఆటోకు | పొడి చెత్త సంచి |
| ఎల్ఈడీ బల్బు | ఇ-వేస్ట్‌తో పాటు | డ్రై వేస్ట్ సెంటర్ | తడి చెత్త |
| మందులు | ఆస్పత్రి, క్లినిక్ | కాఫీ పొడిలో కలిపి డబ్బాలో ఆటోకు | సింకు |
| సూదులు | క్లినిక్, డయాగ్నస్టిక్ సెంటర్ | మందపాటి సీసాలో, రాసి ఆటోకు | ప్లాస్టిక్ కవరు |
| ఎనామిల్, థిన్నర్ | ఎవరికైనా వాడకానికి | ప్రమాదకర వ్యర్థాల డ్రైవ్ | మోరీ |

## మీ పరిస్థితిని బట్టి

పీజీలోనో నలుగురితో కలిసి అద్దెకో ఉంటే మీకు దాచే చోటు లేదు, అయితే మీ సంచిలో ఉన్నది ముప్పాతిక ఇ-వేస్టే. ఆఫీసులో అడగండి. పెద్ద కంపెనీలు ఇ-వేస్ట్‌ను రిజిస్టర్డ్ రీసైక్లర్లకే ఇవ్వాలి కాబట్టి చాలా క్యాంపస్‌లలో ఉద్యోగుల పాత ఫోన్లకూ ఒక డబ్బా ఉంటుంది. మీ దారుల్లో అన్నిటికంటే తేలికైంది అదే. ఇవ్వడానికి ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, అకౌంట్ల నుంచి బయటికొచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

బీటీఎం, కేఆర్ పురం వైపు విడి ఇంట్లో ఉంటే డ్రైవ్ మీ గుమ్మానికి రాదు. మీకు వార్డు సెంటరే ఆధారం. ఒకసారి స్వయంగా వెళ్లి వాళ్లు ఏవి తీసుకుంటారో తెలుసుకుంటే ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు వెళ్తే చాలు. వీధిలో ఐదారు ఇళ్లు కలిస్తే రీసైక్లర్ పికప్‌కు బరువు కూడా సరిపోతుంది.

ఇంట్లో అమ్మానాన్నలు, షుగరు, బీపీ మందులు ఉంటే మీకు ముఖ్యం ఇ-వేస్ట్ కాదు, సూదులూ మందులూ. మీ క్లినిక్‌తో మాట్లాడే పని ముందు పెట్టుకోండి, మిగతావి ఆగుతాయి.

అసోసియేషన్‌లో ఉన్నవాళ్లు మాత్రం డ్రైవ్‌తో ఆగకూడదు. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే సముదాయాలు చట్టం దృష్టిలో భారీ ఉత్పత్తిదారులు, వాటి బాధ్యతలు వేరు. బేస్‌మెంట్‌లో వాన పడని మూల తాళం ఉన్న పెట్టె ఒకటి, ట్యూబ్‌లైట్లు నిలువుగా పెట్టడానికి ఒక డ్రమ్ము పెట్టించండి. హౌస్‌కీపింగ్ వాళ్లకు ఆ తాళం ఎందుకో చెప్పండి. వెండర్‌తో ఒప్పందంలో చివరి గమ్యం పేరు, ప్రతి పికప్‌కూ రసీదు ఉండేలా రాయించండి.

ఇల్లు ఖాళీ చేసి అనంతపురమో చిత్తూరో వెళ్లిపోయేవాళ్లు పాత టీవీ, ఇన్వర్టర్ లారీలో ఎక్కించుకుపోతుంటారు. "ఊళ్లో ఎవరికైనా పనికొస్తుంది" అనే మాట వెనక సగం ప్రేమ, సగం వదిలించుకోవడం. పని చేసేదైతే సంతోషంగా తీసుకెళ్లండి. చెడిపోయినదాన్ని మాత్రం రీసైక్లర్లు దొరికే ఇక్కడే ఇచ్చి వెళ్లండి.

## ఇచ్చేదాకా ఇంట్లో

సెల్స్ రెండు కొనలకూ సెల్లోటేపు వేసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని నొక్కకుండా, మంటకూ ఎండకూ దూరంగా, బాల్కనీలో ఇసుక పోసిన మట్టి కుండీలోనో ఇనుప డబ్బాలోనో పెట్టి, దాన్ని మాత్రం వారాలు ఆపకుండా పంపేయండి. కొత్త ట్యూబ్‌లైట్ వచ్చిన అట్టగొట్టం పారేయకండి, పాతది దాంట్లోకే వెళ్తుంది. మందులు పిల్లలకు అందని చోట. అన్నీ కలిపి ఒకే సంచిలో మళ్లీ పెట్టకండి.

2025 ఏప్రిల్ నుంచి బెంగళూరులో ఆస్తి పన్నుతో పాటు ఇంటి వైశాల్యాన్ని బట్టి నెలకు 10 నుంచి 400 రూపాయల దాకా చెత్త సేవా రుసుము వేస్తున్నారు. అద్దెకున్నా ఆ డబ్బు తిరిగి తిరిగి మన జేబులోంచే పోతుంది. నగరపాలిక ఫిర్యాదుల నంబరు 1533కు ఫోన్ చేసి, మా వార్డుకు దగ్గర్లో ఇంటి ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రం ఎక్కడ, ఏ వేళల్లో అని అడిగి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కేంద్రం లేదంటే ఆ జవాబునే రాతలో అడగండి.